‘వీక్‌నెస్’ అను మాట

‘వీక్‌నెస్’ అను ఆంగ్లపదము పల్లెలలో సయితము వినబడుచున్నది. నిద్ర చాలకున్నను, జ్వరము విడిచినపిదప కాళ్లు తేలిపోవుచున్నను జనులు ఈ ఒక్క మాటతోనే సరిపెట్టుదురు. వైద్యశాస్త్రములో దీని అర్థము వేరు: కండరము బలముడిగి పట్టు తప్పుట. తక్కినది అలసట, నీరసము. స్త్రీలలో దానికి తరచుగా కనబడు కారణము రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి అది ఉన్నట్లు తేలినది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయింపక ‘బలము సూది’ వేయించుకొనుట డబ్బు దండుగ.

అయితే ఒకవైపు చేయి, కాలు హఠాత్తుగా స్వాధీనము తప్పినచో, మూతి వంకరపోయినచో, మాట తడబడినచో అది నీరసము కాదు, పక్షవాతము కావచ్చును. రక్తపుగడ్డ వలన వచ్చినదైనచో, దానిని కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఎక్కింపవలెను. తెల్లవారనిండని జాగు చేయక 108కి ఫోను చేసి, లక్షణములు మొదలైన వేళను వైద్యునికి తప్పక చెప్పవలెను.