ఇంజంక్షన్ ఉన్నా గట్టు దున్నేస్తే...

పొలం తగాదాలో కోర్టు నుంచి ఇంజంక్షన్ ఆర్డరు తెచ్చుకుంటే సగం గెలిచినట్టేనని మన రైతులు అనుకుంటారు. కాగితం బీరువాలో భద్రంగానే ఉంటుంది. తెల్లారేసరికి పక్క పొలం ఆసామి ట్రాక్టరు పెట్టి గట్టు దున్నేస్తాడు. స్టేషనుకు పోతే 'ఇది సివిల్ తగాదా, కోర్టులోనే చూసుకోండి' అంటారు. అప్పుడేం చేయాలి?

కోపం కొద్దీ మీరూ కర్రలు పట్టుకుని వెళ్లకండి. ఆర్డరు తెచ్చుకున్న మీరే క్రిమినల్ కేసులో ముద్దాయిలవుతారు. ఎదుటివాళ్లు కొడితే, పైరు పాడుచేస్తే అది వేరే నేరం, దానికి పోలీసు ఫిర్యాదు విడిగా ఇచ్చుకోవచ్చు.

జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, అంటే మన పెద్దలు ఇప్పటికీ మున్సిఫ్ కోర్టు అనే కోర్టు, ఇచ్చిన తాత్కాలిక ఇంజంక్షన్‌ను మీరితే 'ధిక్కారం కేసు' అంటూ హైకోర్టుకు పరుగెత్తనక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరులోని 2-ఎ రూలు సరిగ్గా ఇందుకే ఉంది. ఆర్డరిచ్చిన కోర్టులోనే పిటిషన్ వేయాలి. రుజువైతే ఎదుటివాడి ఆస్తి జప్తు చేయవచ్చు, మూడు నెలలు మించకుండా సివిల్ జైల్లో పెట్టవచ్చు. రెండూ కలిపి కూడా చేయవచ్చని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. జప్తు ఏడాదికి మించి ఉండదు. అప్పటికీ దారికి రాకపోతే ఆస్తిని అమ్మించి, అందులోంచి మీకు నష్టపరిహారం ఇప్పించవచ్చు.

చిక్కంతా రుజువు దగ్గరే. ఒకరిని జైలుకు పంపే వ్యవహారం కాబట్టి జడ్జిగారు గట్టి సాక్ష్యం అడుగుతారు. మొట్టమొదట చూడాల్సింది ఆర్డరు మీద తేదీ. 'ఫలానా వాయిదా వరకు' అని ఇచ్చిన ఆర్డరును ఆ వాయిదాన పొడిగించకపోతే, మర్నాడు గట్టు దున్నినా ఉల్లంఘన కిందికి రాదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. వాయిదా వాయిదాకూ 'ఆర్డరు పొడిగించారా' అని వకీలును అడిగి తెలుసుకోండి, మొహమాటం వద్దు. రెండోది, ఎదుటివాడికి ఆర్డరు సంగతి తెలుసని చూపాలి. అతని మాట వినకుండా ఇచ్చిన ఆర్డరైతే దావా కాగితాలు, అఫిడవిట్ నకళ్లు మర్నాటికల్లా రిజిస్టరు పోస్టులో పంపాలి లేదా చేతికివ్వాలి. ఆ రసీదులు పారేయకండి. ఇక దున్నిన చోటు దావాలో రాసిన సర్వే నంబరు, హద్దుల లోపలిదే అయి ఉండాలి.

ఫోన్లో ఫొటోలు తీయండి. వాటికి చట్టం అడిగే ధ్రువపత్రం వకీలు తయారు చేయిస్తారు. చూసిన చుట్టుపక్కల రైతులతో అఫిడవిట్లు వేయించండి. అవసరమైతే అడ్వకేట్ కమిషనర్‌ను పొలం మీదికి పంపమని అడగండి. ఆ రిపోర్టుకు విలువుంటుంది, కానీ వర్షం పడి ఆనవాళ్లు చెరిగిపోకముందే అడగాలి. పోలీసు సహాయం కావాలంటే 151వ సెక్షను కింద వేరే పిటిషన్ వేస్తే కోర్టే ఎస్సైకి ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ కాగితం చూపించాక 'సివిల్ తగాదా' అన్న మాట వినపడదు.

దావా ముగిసి శాశ్వత ఇంజంక్షన్ డిక్రీ వచ్చాక మీరితే దారి వేరు. 21వ ఆర్డరు 32వ రూలు కింద ఇ.పి. వేయాలి. దీనికి కాలదోషం లేదు.

హైకోర్టు ఆర్డరునే అధికారులో మరొకరో లెక్కచేయకపోతే 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం పనికొస్తుంది. ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి. శిక్ష ఆరు నెలల దాకా సాధారణ జైలు, 2000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. క్షమాపణ నిజాయితీగా ఉందనిపిస్తే కోర్టు వదిలేయనూ వచ్చు.

ఫీజు భారమనుకునేవారు కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీని అడగవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. వెళ్లేటప్పుడు ఆర్డరు సర్టిఫైడ్ నకలు, పాసుపుస్తకం, ఫొటోలు, పోస్టు రసీదులు వెంట తీసుకుపోండి.