దూరమందున్న రోగి - వైద్యుల పరస్పరాలోచన

గూడెం కొత్తవీధి ప్రాంతము తూర్పుకనుమల నడుమనున్న మన్యము. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడువరకును ఇది విశాఖపట్టణము జిల్లాలో చేరియుండెను. కొండవాలులలోను లోయలలోను చిన్న చిన్న పల్లెలుగా జనులు నివసించు నీ సీమలో, బాటలేని చోటినుండి రోగిని డోలీలో మోసికొనివచ్చుట నేటికిని వినవచ్చుచున్న వార్తయే. చింతపల్లిలోను, కొండ దిగిన పిమ్మట నర్సీపట్నములోను ఆసుపత్రులు కలవు. 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రి విశాఖపట్టణమున నున్నది. రోగి యొకచోటను, అతని వ్యాధిని బాగుగా నెరిగిన వైద్యుడు వేరొకచోటను ఉన్నప్పుడు చికిత్స యెట్లు జరుగవలెను? ఈ ప్రశ్న టెలిఫోనుతో పుట్టినది కాదు, వైద్యమంత ప్రాచీనమైనది. పూర్వవైద్యులు దీని నెదుర్కొన్న తీరును పరిశీలింపగా మాకు తోచిన దిది: దూరమునుండి వచ్చు సలహా ఫలించుటకు సలహాదారుని పాండిత్య మొక్కటి చాలదు, రోగిచెంత నున్నవాని చూపును, ఆ చూపును మాటలలో పెట్టగల నేర్పును అంతే ముఖ్యములు.

రోగిని పరీక్షించుటకు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడు మార్గములను వాగ్భటుడు అష్టాంగహృదయమున పేర్కొనెను. దూరము వీనిలో స్పర్శనమును పూర్తిగా హరించును. నాడి పట్టిచూచుట, కడుపు నొత్తి బల్ల పెరిగినదో లేదో తెలిసికొనుట దూరస్థునకు సాధ్యములు కావు. దర్శనము నేడు తెరమీద కొంత దొరకుచున్నను పూర్వులకు బొత్తిగా లేకుండెను. ఇక మిగిలినది ప్రశ్నము. దానికి సమాధానమైనను రోగినోట కాక తరచుగా వేరొకనినోట వినవలసినదే. కాబట్టి దూరవైద్యమునందు మరియొకని కంటిని, మరియొకని చేతిని నమ్ముకొనక తప్పదు.

ఈ మరియొకడు ప్రాచీనులకు దూత. వైద్యుని పిలువవచ్చిన దూతనుగూర్చి సుశ్రుతసంహిత సూత్రస్థానమునను, అష్టాంగహృదయము శారీరస్థానమునను ప్రత్యేకముగా చెప్పబడినది. దూత యే వేషమున, ఏ వేళ వచ్చెను, ఏమి పలికెను, ఎట్లు నిలిచెను అనువానిని బట్టి రోగి బ్రదుకునో లేదో ఊహించు శకునవిచారమది. అట్టి శకునములకు నేటి వైద్యమున ప్రామాణ్యము లేదు. అయినను ఆ విచారమునకు మూలమైన పరిస్థితిని మనము గమనింపవలెను. రోగి యింకను కంటబడలేదు. అతనియొద్దనుండి వచ్చిన మనుష్యు డొక్కడే వైద్యుని యెదుట నున్నాడు. దొరకిన యా యొక్క ఆధారమునుండియే రోగి స్థితి నెరుగ వైద్యుడు యత్నించెను. దూతను శకునముగా కాక సాక్షిగా గ్రహించి ప్రశ్నించినప్పుడే దూరవైద్యమునకు శాస్త్రత్వము సిద్ధించును.

తెలుగుదేశమున ఒక వైద్యుడు తాను చూడని వైద్యులకు చేసిన బోధకు బసవరాజీయము ప్రసిద్ధోదాహరణము. ఇరువదియైదు ప్రకరణముల యీ గ్రంథమున సంస్కృతశ్లోకములతో బాటు తెలుగు వివరణములును కలవు. నాడీపరీక్ష మున్నగు వానిని మొదట చెప్పి, పిమ్మట జ్వరాదిరోగముల లక్షణములను, ఔషధయోగములను చెప్పుట యిందలి క్రమము. బసవరాజు ఎరుగని పల్లెలో, ఎరుగని రోగికై, ఎరుగని వైద్యుడు ఈ గ్రంథము చూచి మందు నూరెను. ఇట్లు చూడగా వైద్యగ్రంథమును దూరమునుండి వచ్చిన సలహాయే. కాని పుస్తకమును మరల ప్రశ్నింపజాలము. రోగి కది సరిపడునో లేదో నిర్ణయించు భారము చదివినవానిదే. మందులకన్న ముందు పరీక్షను నిలుపుటలోని ఔచిత్య మిందు స్పష్టమగుచున్నది.

జాబు పుస్తకమువంటిది కాదు. దానికి బదులు వ్రాయవచ్చును, ఎదురుప్రశ్న వేయవచ్చును. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో రోమునగరమున ప్రసిద్ధికెక్కిన గేలన్ అను గ్రీకువైద్యుడు మూర్ఛరోగియగు నొక బాలునికై అతని తండ్రికోరికపై చికిత్సాక్రమమును వ్రాసి యిచ్చెను. ఆ బాలుని తాను చూడలేదు. చూడనివానికి వ్రాయుటలోని సంకోచమును తెలుపుచునే ఆహారము, వ్యాయామము మున్నగు నియమముల నతడు వివరించెను. పదుమూడవ శతాబ్దిలో ఇటలీదేశపు బొలోన్యా నగరమున తద్దేయో అల్దెరోత్తి అను ఆచార్యుడు ఒక్కొక్క రోగినిగూర్చి వ్రాసిన సలహాలు తరువాతి వైద్యులకు మాదిరి యయ్యెను. వ్యాధివర్ణనము, పథ్యము, ఔషధము అను వరుస నట్టి లేఖలు పాటించెను. వర్ణనము ముందుండుట కేవలము మర్యాద కాదు; తక్కిన రెండును దానిపై నిలువవలసినవే.

మన తెలుగునేలపై ఇట్టి ఉత్తరప్రత్యుత్తరముల మహాఫలము సికిందరాబాదున కనబడినది. అది చికిత్సకన్న పరిశోధనకు సంబంధించినదైనను, దూరస్థుడైన వైద్యుడు సమీపస్థుడైన వైద్యునకు సలహా చెప్పు తీరును అంత స్పష్టముగా చూపు వృత్తాంతము వేరొకటి మాకు తోచదు. రోనాల్డ్ రాస్ 1857లో అల్మోడాలో జన్మించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను. 1894లో లండనునకు పోయినప్పుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుని కలిసికొనెను. చీనాలోని అమోయ్ నగరమున 1877లో బోదకాలు పురుగులు దోమ శరీరమున పెరుగుటను కనుగొన్నవా డీ మాన్సన్. 1880లో లావెరాన్ కనిపెట్టిన మలేరియా సూక్ష్మజీవిని అతడు రాసునకు చూపించి, దానికిని దోమయే ఆశ్రయమై యుండవచ్చునని చెప్పెను. రాస్ 1895లో సికిందరాబాదునకు వచ్చినది మొదలు వారి నడుమ లేఖలు సాగెను. ఒక్కొక్క జాబు చేరుటకు వారములు పట్టెడిది.

మాన్సన్ సలహాలలో కొంత సత్యము, కొంత ప్రమాదము కలిసియుండెను. దోమ కడుపులో వెదకుమనుట సత్యము. దోమ నీటిపై చచ్చిపడగా ఆ నీటిని త్రాగినవారికి జ్వరము వచ్చునని యూహించుట ప్రమాదము. రాస్ అట్టి నీటిని కొందరిచే త్రాగించియు చూచెను. నిశ్చయమైన ఫలితము తేలలేదు. సూక్ష్మజీవినుండి వెలువడు కొరడావంటి పోగులను వెంబడింపుమని మాన్సన్ చెప్పగా, అవి పురుషబీజములని అమెరికాలో మెకాలమ్ 1897లో నిరూపించెను. సమీపస్థుడు దూరస్థుని మాట నక్షరాలా పాటించియుండినయెడల పని అక్కడనే నిలిచిపోయెడిది.

నడుమ బెంగుళూరున కలరానివారణపనిపై నుండి, రాస్ 1897లో మరల సికిందరాబాదునకు వచ్చెను. అంతవరకు తాను కోసిచూచిన దోమలను విడిచి, రెక్కలపై మచ్చలుగల మరియొక జాతిని పట్టెను. ఆ దోమలను హుసేన్‌ఖాన్ అను రోగిచే కరపించి, కరచిన ఒక్కొక్క దోమకు అణాచొప్పున అతనికి చెల్లించెను. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ కడుపుగోడలో నల్లని రంగురేణువులుగల కణములు కనబడినవి. ఆ గాజుపలకలు ఇంగ్లండునకు పోయెను. మాన్సన్ వానిని చూచెను. 1897 డిసెంబరు 18వ తేదీ బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్యాసము వెలువడెను. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, సూక్ష్మజీవి దోమ లాలాజలగ్రంథులను చేరి కాటుద్వారా వ్యాపించునని రాస్ నిరూపించెను. నీటిసిద్ధాంతము దానితో తొలగెను. 1902లో అతనికి నోబెల్ బహుమానము లభించెను. ఇందు మాన్సన్ గొప్పతనమును తక్కువ చేయరాదు. తన యూహకు విరుద్ధమైన వార్త వచ్చినప్పుడు దానిని త్రోసివేయక స్వీకరించి, లోకమునకు ప్రకటించినవాడతడు. చెప్పుటతో బాటు వినుటయు సలహాదారుని ధర్మమని యీ చరిత్ర తెలుపుచున్నది.

రాస్ వెదకిన యా జ్వరమే గూడెముకొండలకు చిరకాలశత్రువు. 1839వ సంవత్సరపు 24వ చట్టముచే గంజాము, విశాఖపట్టణము మన్యములు ప్రత్యేకపాలన క్రిందికి వచ్చినపిమ్మట, ఏజెన్సీయుద్యోగ మనగానే జ్వరభీతి కలుగుట సామాన్యమయ్యెను. 1879-80 రంపతిరుగుబాటు నణచవచ్చిన సేనలును దానిచే బాధపడెను. కొండసెలయేళ్లలో పెరుగు అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అను దోమ ఈ కనుమలలో దానిని వ్యాపింపజేయును. నేడు ఆశాకార్యకర్త పల్లెలోనే ఒక్క రక్తపుచుక్కతో పరీక్ష చేసి, అది వైవాక్స్ రకమో ఫాల్సిపారమ్ రకమో కొద్ది నిమిషములలో తెలిసికొనగలదు. ఇంతవరకు దూరము జయింపబడినది.

కాని ఇకపై నున్న దాని నొక ఉదాహరణముతో చూపుదుము. వైవాక్స్ మలేరియా మరల మరల తిరుగబెట్టకుండుటకు ప్రైమాక్విన్ అను మందును పదునాలుగు దినములు వాడుదురు. జీ-6-పీడీ అను పదార్థము పుట్టుకతోనే లోపించినవారికి ఆ మందు రక్తకణములను ఛేదించును. అప్పుడు మూత్రము నల్లబారును, కన్నులు పచ్చబడును, రోగి నీరసించును. దూరమందున్న వైద్యుడు మందు సరిగనే వ్రాసియుండవచ్చును. నాలుగవనాటి మూత్రపురంగును మాత్ర మతడు చూడలేడు. చూచునది తల్లియో, భర్తయో, ఆశాకార్యకర్తయో. నల్లనిమూత్రము కనబడినయెడల మందు మాని వెంటనే తెలుపవలెనని వారికి ముందే చెప్పనిచో సలహా సగమే యిచ్చినట్లు. అట్లే జ్వరములో రోగి సంధిమాటలాడుచున్నాడని చెప్పినవానిమాట వైద్యుడు తేలికగా తీసికొనరాదు; ఫాల్సిపారమ్ మెదడునకు సోకిన సూచన యది కావచ్చును. అట్టివానిని ఆసుపత్రికి చేర్చుటయే దూరమునుండి చెప్పదగిన మొదటి చికిత్స.

ఈ వివేకమునే నేటి నియమములును అంగీకరించుచున్నవి. ఈ-సంజీవని యను పేర పల్లెల ఆరోగ్యకేంద్రములను పెద్ద ఆసుపత్రుల వైద్యులతో కలుపు పద్ధతి 2019 నవంబరులో ఆంధ్రప్రదేశముననే మొదట ఆరంభమయ్యెను. 2020 మార్చి 25వ తేదీన వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకములలో రోగికిని వైద్యునకును, ఆరోగ్యకార్యకర్తకును వైద్యునకును, వైద్యునకును వైద్యునకును జరుగు సంభాషణలు వేరువేరుగా వివరింపబడినవి. ఒక వైద్యుడు వేరొక వైద్యుని సలహా కోరినను, చికిత్సాబాధ్యత కోరినవానియందే నిలుచును. అత్యవసరస్థితిలో దూరసలహా ప్రథమచికిత్సకును, ప్రత్యక్షవైద్యమునకు పంపుటకును పరిమితము కావలెను. గేలన్ సంకోచమును, సికిందరాబాదు లేఖలు నేర్పిన పాఠమును ఈ నియమములలో శాసనరూపమున చూడవచ్చును.

తుదకు భాషావిషయము. మన్యమున రోగినుండి నిపుణునివరకు వార్త పలునోళ్లు మారవలెను. కువి మాటాడు తల్లి చెప్పినది, ఆదివాసీ ఒరియాలో పొరుగువాడు చెప్పినది తెలుగులోనికి వచ్చి, అక్కడనుండి వైద్యపరిభాషకు చేరును. నడుమ నొక్కమాట జారినను మందు మారును. ‘చలిజ్వరము’, ‘బల్ల’, ‘సంధి’ వంటి మాటలు తెలుగువైద్యుని కొక చిత్రమును కట్టియిచ్చును. కువిలో వానికి సమములైన మాటల నెరిగినవా రెందరు? ఇది వైద్యకళాశాలలు మాత్రమే తీర్పగల కొరత కాదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయవృత్తిపదకోశమును, 1969లో కొండభాషాపరిశోధనమును ప్రకటించి మార్గము చూపియున్నారు. అదే విధమున మన్యభాషలలోని రోగనామములను, బాధలను తెలుపు పలుకుబడులను పల్లెపల్లెన సేకరించి, వైద్యులతో కలిసి అర్థనిర్ణయము చేసి, ఒక చిన్న పదకోశముగా ఆశాకార్యకర్తల చేతికిచ్చుట మన తెలుగుశాఖలు పూనదగిన పని. గూడెం కొత్తవీధి అట్టి సేకరణమునకు తగిన ప్రారంభస్థానమని మా విశ్వాసము.