మడమనుండి తీసిన నెత్తురుబొట్టు

శిశువు తల్లిగర్భమునుండి తెచ్చుకొనునది ఆమె పోలికలు మాత్రమే కాదు. తల్లి దేహము ఎదుర్కొనిన వ్యాధులకు ప్రతిగా అందు పుట్టిన ప్రతిరక్షకములను గూడ మావి ద్వారా గ్రహించి, వానితోనే లోకమునకు వచ్చును. ప్రకృతి పసిప్రాణమునకు కవచముగా నిచ్చిన ఈ కానుకయే, తల్లికి హెచ్‌.ఐ.వి. సోకియున్నపుడు, వైద్యునికి పెద్ద చిక్కు తెచ్చిపెట్టుచున్నది.

ఏలయనగా, పెద్దలకు సామాన్యముగా చేయు పరీక్ష వైరస్సును వెదకదు. దానికి ప్రతిగా దేహమునందు పుట్టిన ప్రతిరక్షకములను వెదకును. అవి తల్లినుండి బిడ్డకు సంక్రమించి, క్రమముగా క్షీణించుచు, 18 నెలలవరకు గూడ నిలిచియుండవచ్చును. కావున అంతలోపల ఆ పరీక్షలో ‘పాజిటివ్‌’ అని వచ్చినను, అది తల్లిని గురించి చెప్పిన మాటయే గాని బిడ్డను గురించి చెప్పినది కాదు. ఈ సంగతిని తల్లికి ముందుగా, నెమ్మదిగా, ఆమె భాషలో చెప్పుట వైద్యసిబ్బందికి ప్రథమధర్మమని నా దృఢాభిప్రాయము.

అట్లని 18 నెలలు వేచియుందమా? చంటిబిడ్డ దేహములో ఈ వైరస్సు, పెద్దలలో వలె, ఏండ్ల తరబడి అణగియుండదు. వ్యాధి సోకియు మందు అందని శిశువులలో సుమారు మూడవవంతు మొదటి పుట్టినరోజు రాకమునుపే, సగముమంది రెండేండ్లు నిండకుండనే మరణింతురు.

ఈ సంకటమును తీర్చినది పి.సి.ఆర్‌. అను పరీక్ష. అణుమాత్రమైన జన్యుపదార్థమును కోట్లకొలది ప్రతులుగా పెంచి చూపు ఈ విధానమును కనుగొనినందుకు కేరీ ముల్లిస్‌ 1993లో నోబెల్‌ బహుమానము నందెను. ఇది ప్రతిరక్షకముల జోలికి పోక, వైరస్సు జన్యుపదార్థమునే బిడ్డ నెత్తుటిలో వెదకును.

ఆరువారముల పసికందును తల్లి ఒడిలో పట్టుకొనియుండగా, నర్సు ఆ చిన్ని పాదమును అరచేత వెచ్చజేసి, మడమ ప్రక్కభాగమును శుభ్రపరచి, సన్నని సూదిమొనతో గ్రుచ్చి, మొదటి బొట్టును తుడిచివేసి, పిమ్మట ఊరిన బొట్టులతో దళసరి కాగితముపై అచ్చువేసిన వలయములను ఒక్కొక్కటిగా నింపును. బిడ్డ ఏడ్చును, తల్లి కన్నులు చెమ్మగిల్లును, బాధ అంతటితో సరి. ఎండ తగులనిచోట గంటలకొలది ఆరబెట్టి, తేమ చొరని సంచిలోనుంచిన ఆ కాగితమునకు మంచుపెట్టె అక్కరలేదు. ప్రయోగశాల ఎంత దూరపు నగరమున నున్నను, మన్యపుబిడ్డ రక్తముగూడ ఎండిన మరకయై అచటికి చేరగలదు.

తొందరపడి కనుగొనిన ఫలమేమని అడుగువారికి దక్షిణాఫ్రికా సమాధానము చెప్పినది. సొవెటో, కేప్‌టౌన్‌లలో జరిపిన పరిశోధన ఫలితములు 2008లో వెలువడగా, రోగలక్షణములకై కాచుకొనక తొలివారములలోనే మందు మొదలిడిన శిశువులలో మరణములు 76 శాతము తగ్గినట్లు తేలెను. ఆ యేడే ప్రపంచ ఆరోగ్యసంస్థ, ఏడాదిలోపు శిశువులలో వ్యాధి నిర్ధారణమైన వారందరికి వెంటనే చికిత్స ఆరంభింపవలెనని చెప్పెను. మనదేశమున జాతీయ ఎయిడ్స్‌ నియంత్రణసంస్థ 2010లో ఈ పరీక్షలను ప్రారంభించినది. ఐ.సి.టి.సి. అను ప్రభుత్వ సలహా, పరీక్షా కేంద్రములలో ఇవి ఉచితము.

ఒక్క పరీక్షతో పని ముగియదు. చనుబాలు త్రాగుచున్నంతకాలము వ్యాధి సోకు అవకాశమున్నది గనుక, ఆరవవారమున వైరస్సు కనబడకున్నను, ఆరవ నెలలోను, పండ్రెండవ నెలలోను, తుదకు పదునెనిమిదవ నెలలోను బిడ్డను మరల చూపవలెను. తల్లీబిడ్డలకు ఏ మందును లేనపుడు నూటికి 15 మొదలు 45 మంది శిశువులవరకు వ్యాధి సోకుచుండగా, తల్లి క్రమము తప్పక మందులు వాడి, బిడ్డకు చెప్పిన సిరప్పు పోసినచో, ఆ సంఖ్య అయిదుకు లోపుగా దిగును. భయముతో పరీక్షకు వెనుదీయు తల్లికి నేను మొదట చెప్పదలచిన మాట ఇదియే. లోకమేమనునో యని జంకువారికి మరియొక మాట: రోగి సంగతిని గుట్టుగా నుంచవలసిన బాధ్యతను 2017 నాటి హెచ్‌.ఐ.వి., ఎయిడ్స్‌ చట్టము విధించినది.

అమ్మా, ఆరవవారమున టీకాకై బిడ్డను ఎత్తుకొని ఎట్లును ఆస్పత్రికి పోవుదువు గదా. ఆనాడే మడమ పరీక్షను గూడ అడిగి చేయించుము. ఫలితము తెలిసికొనుటకు తప్పక మరల పొమ్ము.