థ్రిల్లర్ సంప్రదాయాలు - ఒక విద్యార్థి చిత్రం: 'డూడుల్‌బగ్' పరిశీలన

థ్రిల్లర్ అనగానే మనకు హత్య, పోలీసులు, వెంటాడే కారు, చివరి రీలులో బయటపడే హంతకుడు గుర్తుకు వస్తాయి. ఇవన్నీ కథలోని సామగ్రి. వీటిలో చాలావరకు లేకపోయినా థ్రిల్లర్ నిలబడుతుంది. ఏ సమాచారం ప్రేక్షకుడికి ఎప్పుడు అందాలి, ఎంతవరకు దాచాలి అన్న లెక్క తప్పితే మాత్రం నిలబడదు. ఈ లెక్కను అర్థం చేసుకోవడానికి సుమారు మూడు నిమిషాల నిడివి గల ఒక లఘుచిత్రాన్ని తీసుకుందాం.

అది క్రిస్టొఫర్ నోలన్ తీసిన 'డూడుల్‌బగ్' (1997). నోలన్ సినిమా శిక్షణ సంస్థలో చదువుకోలేదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఆంగ్ల సాహిత్యం చదివారు. అక్కడి విద్యార్థుల ఫిల్మ్ సొసైటీలో ఉన్న పరికరాలతో చిత్రీకరణ నేర్చుకున్నారు. ఈ చిత్రాన్ని విద్యార్థి చిత్రాల కోవలో చెప్పుకోవడం అందువల్లనే. 16 ఎం.ఎం. ఫిలిం, నలుపు తెలుపు, ఒకే గది, ఒకే నటుడు (జెరెమీ థియోబాల్డ్). కథ నడిపే సంభాషణలు లేవు.

కథ ఇంతే. మాసిన గదిలో చెదిరిన జుట్టుతో ఒక మనిషి. చేతిలో బూటు. నేలమీద ఏదో పాకుతోంది, దాన్ని చంపాలని అతని తాపత్రయం. మధ్యలో ఫోను మోగితే దాన్ని నీళ్లలో పడేసి మళ్లీ వేటలో పడతాడు. చివరకు ఆ 'పురుగు' కనిపిస్తుంది. అది అతని రూపమే, అంగుళాలకు కుదించినట్టు. ఆ చిట్టి మనిషి చేసిన ప్రతి కదలికనూ ఒక్క క్షణం ఆలస్యంగా ఇతడూ చేస్తుంటాడు. బూటుతో దాన్ని చితక్కొడతాడు. వెంటనే అతని వెనుక అతనే, ఇంకా పెద్ద ఆకారంలో కనిపించి, బూటెత్తి ఇతణ్ణి చితక్కొడతాడు.

మొదటి రెండు నిమిషాల్లో దర్శకుడు సంప్రదాయాన్ని ఎంత శ్రద్ధగా పాటించారో గమనించండి. తప్పించుకోవడానికి వీల్లేని గది, ముఖాన్ని సగం మింగే నీడలు, గడియారం టిక్‌టిక్, ఉలిక్కిపడేలా చేసే ఫోను: అన్నీ పాత థ్రిల్లర్ల నుంచి వచ్చినవే. డేవిడ్ జూల్యన్ సంగీతం కూడా ఆ దారిలోనే నడుస్తుంది. ఈ గుర్తులు చూసి ప్రేక్షకుడు తనకు తెలిసిన ఒప్పందంలోకి ప్రవేశిస్తాడు: ఎక్కడో ప్రమాదం ఉంది, దాన్ని నిర్మూలిస్తే క్షేమం. ఈ ఒప్పందం ముందుగా కుదరకపోతే దాన్ని మీరడమనేదే ఉండదు. "ఈ చిత్రం జానర్ నియమాలను ధిక్కరించింది" అని ఒక్క వాక్యంతో సరిపెట్టే జవాబులు నేను ఎన్నో దిద్దాను. ధిక్కారానికి ముందున్న విధేయతను చూపని జవాబు అసంపూర్ణం.

ఇక ధిక్కారం ఎక్కడుంది? హిచ్‌కాక్ చెప్పిన ప్రసిద్ధమైన భేదం ఇక్కడ పనికొస్తుంది. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకుండా పేలితే అది ఆశ్చర్యం. ముందే తెలిసి, పాత్రలు కబుర్లు చెప్పుకుంటుంటే అది ఉత్కంఠ. 'డూడుల్‌బగ్' ముగింపును చాలామంది కేవలం ఆశ్చర్యంగా లెక్కిస్తారు. నా అభిప్రాయం వేరు. చిన్నవాడు ముందు, పెద్దవాడు తరువాత అన్న క్రమాన్ని చిత్రం మనకు ముందే చూపించింది. దాన్ని పట్టుకున్న ప్రేక్షకుడికి, చిట్టి మనిషి మీద బూటు పడిన మరుక్షణం ఏం జరగబోతోందో తెలిసిపోతుంది. పాత్రకు తెలియదు. అంటే బాంబు బల్ల కిందకు చేరింది. కాకపోతే దాని వ్యవధి ఒక్క క్షణమే. (బ్రిటన్‌లో 'డూడుల్‌బగ్' అన్నది రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ప్రయోగించిన వి-1 బాంబుకు జనం పెట్టిన పేరు కూడా. దాని ఇంజను మోత ఆగిన తరువాత కొద్ది క్షణాలకు పేలుడు వినిపించేది. దర్శకుడి ఉద్దేశం ఇదేనని చెప్పలేం గాని, పోలిక గమనించదగినది.)

అంతకంటే లోతైన మార్పు పాత్రల విషయంలో ఉంది. థ్రిల్లర్‌లో సాధారణంగా వేటాడేవాడు, బాధితుడు, శత్రువు వేరువేరు వ్యక్తులు. ఇక్కడ ముగ్గురూ ఒక్కడే. శత్రువును చంపడం ద్వారా రక్షణ లభిస్తుందన్న సూత్రం తలకిందులైంది. ఆ దెబ్బే తన మీద పడే దెబ్బకు నాంది. నేరానికి కారణం చెప్పరు, విచారణ ఉండదు, చెదిరిన వ్యవస్థ చివర్లో సర్దుకోదు. పైగా ఆ పెద్ద మనిషి వెనుక ఇంకా పెద్దవాడు ఉంటాడన్న అనుమానం మిగిలిపోతుంది. మరుసటి ఏడాది నోలన్ తీసిన తొలి కథాచిత్రం 'ఫాలోయింగ్'(1998)లోనూ థియోబాల్డే నటించాడు. అపరిచితులను వెంబడించే యువకుడు తానే వలలో చిక్కుకోవడం అందులోని కథ. రెంటికీ ఉన్న చుట్టరికం స్పష్టమే.

ఒక లోపం కూడా చెప్పాలి. ఇతడెవరో, ఎందుకు ఇలా అయ్యాడో మనకు ఏమీ తెలియదు. కాబట్టి అతని చావు మనల్ని ఉలిక్కిపడేలా చేస్తుంది గాని బాధపెట్టదు. హిచ్‌కాక్ 'సైకో'(1960)లో స్నానాల గది హత్య ఇప్పటికీ కలచివేస్తుందంటే, అంతకుముందు చాలాసేపు ఆ స్త్రీ భయాన్ని, పశ్చాత్తాపాన్ని మనం ఆమెతో పాటు మోశాం. మూడు నిమిషాల్లో అది సాధ్యం కాదని కొందరు వాదించవచ్చు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ ఫోనులో ఒక్క మాట వినిపించినా అతనికి ఒక గతం ఏర్పడేది.

అభ్యాసం: ఈ చిత్రాన్ని రెండుసార్లు చూడండి. మొదటిసారి చూసేటప్పుడు రాసుకోవద్దు. రెండోసారి శబ్దం పూర్తిగా తగ్గించి చూసి, ఉత్కంఠ ఏ దృశ్యాల దగ్గర సడలిందో, ఏ దృశ్యాల దగ్గర అలాగే నిలిచిందో గుర్తించి, కారణాలతో ఒక పుటకు మించకుండా రాయండి.