ఆరోగ్య శాస్త్రం, మానవీయ శాస్త్రం ఒకే డిగ్రీలో సాధ్యమేనా? ఢిల్లీలో ఉన్న మార్గాలు

తూర్పు ఢిల్లీలోని దిల్షాద్ గార్డెన్‌లో గురు తేగ్ బహదూర్ ఆసుపత్రిని ఆనుకుని యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఈ వైద్య కళాశాలలో 2011లో ఒక నాటక కార్యశాల జరిగింది. బ్రెజిల్ రంగస్థల దర్శకుడు అగస్టో బోల్ రూపొందించిన ‘పీడితుల రంగస్థలం’ అనే పద్ధతిని వైద్య విద్యార్థులకు అక్కడ పరిచయం చేశారు. ఈ పద్ధతిలో ప్రేక్షకుడు ఊరకే చూస్తూ కూర్చోడు. ఉదాహరణకు, రోగి చెప్పేది పూర్తిగా వినకుండానే మందుల చీటీ రాసి పంపించే వైద్యుడి సన్నివేశాన్ని ప్రదర్శిస్తారనుకుందాం. చూస్తున్నవారిలో ఎవరైనా ‘ఆపండి’ అని లేచి, తానే ఆ రోగి స్థానంలోకి వెళ్లి, మరో విధంగా మాట్లాడి చూడవచ్చు. ఫలితం మారిందా లేదా అన్నది అందరూ కలిసి చర్చిస్తారు. శరీర నిర్మాణ శాస్త్రం పాఠ్యపుస్తకం నేర్పని విషయం ఇది.

ఈ ప్రయత్నం వెనుక 2009లో అదే కళాశాలలో ఏర్పడిన మెడికల్ హ్యుమానిటీస్ బృందం ఉంది. నేత్రవైద్య ఆచార్యురాలు ఉప్రీత్ ధాలివాల్, శరీరధర్మ శాస్త్ర ఆచార్యుడు సతేంద్ర సింగ్ వంటి అధ్యాపకులు దీనికి రూపమిచ్చారు. సాహిత్యం, నాటకం, చిత్రలేఖనం, చరిత్ర, తత్వశాస్త్రం వైద్య విద్యకు అలంకారాలు కావని, వైద్యుడి పనిముట్లని వీరి వాదన. 2014లో ఇక్కడి నుంచే ఈ విషయానికి ప్రత్యేకమైన ఒక పరిశోధన పత్రిక కూడా వెలువడటం ప్రారంభమైంది. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇదంతా ఆసక్తిగల అధ్యాపకులు, విద్యార్థులు తమ సమయం వెచ్చించి నడిపిన కార్యక్రమం. దానికి డిగ్రీ పట్టా లేదు.

జాతీయ స్థాయిలో మార్పు 2019లో వచ్చింది. ఆ ఏడాది అమలులోకి వచ్చిన సామర్థ్య ఆధారిత ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో వైఖరి, నైతికత, సంభాషణ అంశాలపై ‘ఎట్‌కామ్’ పేరిట ఒక విభాగాన్ని తప్పనిసరి చేశారు. కోర్సు ఆరంభంలోనే ఫౌండేషన్ కోర్సును ప్రవేశపెట్టారు. వైకల్యం గల వ్యక్తుల హక్కులు, గౌరవం గురించిన శిక్షణకు అందులో చోటు దక్కడానికి సతేంద్ర సింగ్ వంటివారి కృషి తోడ్పడింది.

మరి కళలను, ఆరోగ్య శాస్త్రాలను సమాన స్థాయిలో కలిపి చదివి ఉమ్మడి పట్టా పొందడం సాధ్యమేనా? ఆస్ట్రేలియాలోని విశ్వవిద్యాలయాల్లో ఆర్ట్స్, హెల్త్ సైన్సెస్ జంట డిగ్రీలు సాధారణమే. బ్రిటన్‌లో వైద్య విద్యార్థి మధ్యలో ఒక సంవత్సరం విరామం తీసుకుని మానవీయ శాస్త్రాల్లో అదనపు డిగ్రీ చేసే వీలుంది. భారతదేశంలో ఎంబీబీఎస్ విషయంలో పరిస్థితి వేరు. నాలుగున్నర సంవత్సరాల చదువు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్, థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు అన్న నిబంధనల మధ్య రెండో తరగతి గదికి తీరిక దొరకదు. వైద్య విద్యను జాతీయ వైద్య కమిషన్, ఇతర ఉన్నత విద్యను యూజీసీ వేర్వేరుగా నియంత్రించడం కూడా ఒక కారణం.

జాతీయ విద్యా విధానం 2020 మాత్రం ఈ గోడను తొలగించాలనే చెబుతోంది. బాణభట్టుని కాదంబరిని ప్రస్తావిస్తూ, 64 కళల్లో గానం, చిత్రలేఖనంతో పాటు వైద్యం, గణితం కూడా ఉండేవని ఆ పత్రం గుర్తుచేసింది. ఆ ఆలోచనకు అనుగుణంగా 2022 ఏప్రిల్‌లో యూజీసీ మార్గదర్శకాలు జారీ చేసింది. అప్పటి అధ్యక్షుడు నల్గొండ జిల్లాకు చెందిన ఎం. జగదీశ్ కుమార్. ఈ మార్గదర్శకాల ప్రకారం తరగతుల వేళలు ఢీకొనకపోతే రెండు పూర్తికాల కోర్సులనైనా ఏకకాలంలో చదవవచ్చు. లేదా ఒకటి కళాశాలకు వెళ్లి, మరొకటి దూరవిద్యలో చేయవచ్చు. పీహెచ్‌డీకి ఇది వర్తించదు. వృత్తి విద్యా మండళ్ల నిబంధనలు ఉన్నచోట వాటిని కూడా పాటించాలి. ఆరోగ్య రంగ విద్యార్థులు సంతోషించే ముందు చదవవలసిన వాక్యం ఈ చివరిదే.

2025లో ఆ ప్రభావం స్పష్టంగా కనిపించింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో చేసిన జాతీయ చట్టం పరిధిలోకి వచ్చే మనస్తత్వ శాస్త్రం, పోషకాహారం వంటి కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల్లో నిర్వహించరాదని యూజీసీ ఆదేశించింది. జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచే ఇది అమలైంది. పగలు ఆంగ్ల సాహిత్యం, ఇంటి వద్ద సైకాలజీ అని లెక్కవేసుకున్నవారికి ఆ దారి మూసుకుపోయింది. రోగితో ముఖాముఖి శిక్షణ లేకుండా ఈ వృత్తుల్లోకి రాకూడదన్న ఉద్దేశం సమంజసమే. కానీ దీని ఫలితంగా జంట చదువు ఒక దిశలోనే సులభమైంది. ఆరోగ్య శాస్త్రాన్ని కళాశాలలో, సాహిత్యాన్నో చరిత్రనో దూరవిద్యలో చదవాలి. మండలి నిబంధనలు అడ్డురాకపోతే, మైదాన్‌గఢీలోని ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వంటి సంస్థలు ఇందుకు ఉపయోగపడతాయి.

రెండు పట్టాలు అక్కరలేదు, రెండు చదువులు చాలు అనుకునేవారికి ఢిల్లీ విశ్వవిద్యాలయం 2022లో తెచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక ఎక్కువ ప్రయోజనకరం. మూడేళ్లకు 132, నాలుగేళ్లకు 176 క్రెడిట్లు. ప్రధాన విషయం కాక, ఇతర శాఖల నుంచి ‘జనరిక్ ఎలక్టివ్’ పేపర్లు ఎంచుకోవచ్చు. ఒక్కొక్కటి నాలుగు క్రెడిట్లు. ఒకే శాఖ నుంచి ఏడు పేపర్లు, అంటే 28 క్రెడిట్లు పూర్తిచేస్తే నాలుగో సంవత్సరం చివర ఆ విషయం ‘మైనర్’గా పట్టాలో చేరుతుంది. జీవశాస్త్రం ప్రధానంగా, ఆంగ్ల సాహిత్యం మైనర్‌గా ఒక విద్యార్థి బయటికి రాగలడు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యంలోని శ్రీ వెంకటేశ్వర కళాశాల వంటి చోట్ల జీవశాస్త్ర, సాహిత్య శాఖలు ఒకే ప్రాంగణంలో ఉండటం ఒక సౌలభ్యం.

పీజీ స్థాయికి వస్తే చిత్రం మారుతుంది. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోని సోషల్ మెడిసిన్, కమ్యూనిటీ హెల్త్ కేంద్రం వైద్య కళాశాలలో లేదు, సామాజిక శాస్త్రాల విభాగంలో ఉంది. వ్యాధికి వైరస్ ఎంత కారణమో కూలి, కులం, తాగునీరు కూడా అంతే కారణమన్న దృష్టితో 1970లలో దీనిని తీర్చిదిద్దినవారిలో ఆచార్య డి. బెనర్జీ ముఖ్యులు. వైద్య పట్టభద్రులు, సామాజిక శాస్త్ర విద్యార్థులు ఒకే తరగతిలో కూర్చునే అరుదైన చోటు ఇది.

తెలుగు రాష్ట్రాల కుటుంబాలకు అసలు నిర్ణయం ఇంతకంటే చాలా ముందే, పదో తరగతి ఫలితాల నాడే జరిగిపోతుంది. బైపీసీ చదివినవారు తర్వాత బీఏలో చేరవచ్చు. హెచ్ఈసీ చదివినవారికి నీట్ గానీ, జీవశాస్త్ర డిగ్రీ గానీ సాధారణంగా అందదు. పన్నెండో తరగతి తర్వాత భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలను అదనపు విషయాలుగా ఉత్తీర్ణులైనవారు కూడా నీట్‌కు అర్హులేనని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించడంతో ఆ తలుపు కొద్దిగా తెరుచుకుంది. రెండు చదువుల కలయిక తెలుగువారికి కొత్త కూడా కాదు. డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రిలో పనిచేస్తూ నవలలు రాసిన డాక్టర్ కేశవరెడ్డి, ‘హౌస్ సర్జన్’ రచయిత డాక్టర్ కొమ్మూరి వేణుగోపాలరావు ఏ విశ్వవిద్యాలయమూ కలిపి ఇవ్వని చదువును సొంతంగా కలుపుకున్నారు.

ఇప్పుడు ప్రవేశం కోరేవారు పరిశీలించవలసిన అంశాలు మూడు. దూరవిద్య కోర్సుకు ఆ విద్యా సంవత్సరానికి యూజీసీ గుర్తింపు ఉన్నదా? సంబంధిత వృత్తి మండలి రెండో డిగ్రీని అనుమతిస్తున్నదా? తాము కోరుకున్న శాఖ నుంచి ఏడు జనరిక్ ఎలక్టివ్‌లను ఆ కళాశాల నిజంగా బోధిస్తున్నదా? మూడో ప్రశ్నను మొదటి సెమిస్టర్‌లోనే అడగాలి. మూడో సెమిస్టర్ నుంచి ప్రధాన విషయంలోని ఎలక్టివ్‌ను ఎంచుకున్న ప్రతిసారీ మైనర్‌కు కావలసిన ఒక అవకాశం తగ్గిపోతుంది.