పాత గేమింగ్ కంప్యూటర్: కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ప్రాసెసర్‌ను ఎందుకు పరీక్షించుకోవాలి?

వేల రూపాయలు వెచ్చించి కొత్త గ్రాఫిక్స్ కార్డు అమర్చిన తర్వాత కూడా గేమ్ మునుపటిలాగే ఆగి ఆగి నడుస్తుంటే, లోపం కార్డుదేనని చాలామంది భావిస్తారు. పాత కంప్యూటర్లలో అసలు అడ్డంకి తరచుగా ప్రాసెసర్ దగ్గర ఉంటుంది. ఈ స్థితినే 'బాటిల్‌నెక్' అంటారు. పైసా ఖర్చు లేకుండా, కొనుగోలుకు ముందే దీన్ని గుర్తించవచ్చు.

ఏది ఏ పని చేస్తుంది?

గేమ్‌లో తెరపై కనిపించే ప్రతి చిత్రాన్నీ ఫ్రేమ్ అంటారు. పాత్రల కదలికలను లెక్కకట్టడం, ఏ వస్తువు దేనిని తాకిందో తేల్చడం, ఏమేం గీయాలో ఆదేశించడం ప్రాసెసర్ బాధ్యత. ఆ ఆదేశాల ప్రకారం చిత్రాన్ని గీయడం గ్రాఫిక్స్ కార్డు పని.

సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు లభించే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. ప్రాసెసర్ తన వంతు పనికే 25 మిల్లీసెకన్లు తీసుకుంటే, ఎంత శక్తిమంతమైన కార్డు ఉన్నా సెకనుకు 40 ఫ్రేములకు మించి రావు. మిగిలిన సమయంలో కార్డు ఖాళీగా ఎదురుచూస్తుంది.

రెజల్యూషన్ మారితే ఏమవుతుంది?

1920×1080 తెరపై దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 4కే అని పిలిచే 3840×2160 తెరపై అవి 82.9 లక్షలు, అంటే నాలుగింతలు. పిక్సెళ్లు పెరిగితే కార్డుపై భారం పెరుగుతుంది. ప్రాసెసర్ పని దాదాపు మారదు. అందువల్ల ఒకే జంటలో తక్కువ రెజల్యూషన్ వద్ద ప్రాసెసర్, ఎక్కువ రెజల్యూషన్ వద్ద కార్డు అడ్డంకి కావచ్చు. 'ఈ ప్రాసెసర్‌కు ఈ కార్డు సరిపోతుందా' అన్న ప్రశ్నకు సమాధానం గేమ్‌ను, తెరను, మీరు కోరుకునే ఫ్రేముల సంఖ్యను బట్టి మారుతుంది.

ఇంట్లోనే ఎలా పరీక్షించాలి?

ముందుగా గేమ్ సెట్టింగ్స్‌లో వి-సింక్‌ను, ఫ్రేముల పరిమితిని తొలగించండి. తర్వాత మీరు ఎక్కువగా ఆడే గేమ్‌లో, రద్దీగా ఉండే ఒకే సన్నివేశంలో రెజల్యూషన్‌ను తగ్గించి చూడండి. ఫ్రేములు గణనీయంగా పెరిగితే అడ్డంకి కార్డు. ఏమాత్రం పెరగకపోతే ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను అనుమానించాలి.

కార్డు వినియోగం 95 శాతానికి పైగా ఉంటే అది పూర్తిగా పనిచేస్తున్నట్లు. 60 శాతం దగ్గరే ఆగితే అది ప్రాసెసర్ కోసం వేచి ఉన్నట్లు. అయితే ప్రాసెసర్ మొత్తం వినియోగాన్ని చూసి మోసపోకూడదు. ఎనిమిది థ్రెడ్‌లున్న ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తం మీద 12.5 శాతమే కనిపిస్తుంది. గేమ్‌ను ఆపడానికి ఆ ఒక్క థ్రెడ్ చాలు.

ప్రాసెసర్ మార్చవలసి వస్తే?

నిర్ణయం మదర్‌బోర్డుది. ఏఎమ్‌డీ ఏఎమ్4 సాకెట్ ఇందుకు మంచి ఉదాహరణ. 2017లో రైజెన్ 5 1600తో కొన్న కంప్యూటర్లలో అనేకం, బయోస్‌ను నవీకరిస్తే 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని స్వీకరిస్తాయి. 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ ఉన్న ఈ ప్రాసెసర్ గేమ్‌లలో ప్రత్యేకంగా రాణిస్తుంది. పాత ప్రాసెసర్‌ను తీయకముందే బయోస్‌ను నవీకరించడం తప్పనిసరి.

ఇంటెల్‌లో సాకెట్ పేరు ఒక్కటే చూస్తే చాలదు. 6వ, 8వ తరం ప్రాసెసర్లు రెండింటికీ ఎల్‌జీఏ 1151 సాకెట్టే అయినా, 6వ తరం బోర్డులు 8వ తరాన్ని అధికారికంగా స్వీకరించవు. బోర్డు తయారీదారు ప్రకటించిన జాబితాను చూసిన తర్వాతే కొనాలి.

కార్డే మార్చవలసి వస్తే?

పవర్ సప్లై సామర్థ్యాన్ని, దాని కనెక్టర్లను ముందుగా సరిచూసుకోవాలి. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి కార్డులు నాలుగు పీసీఐఈ లేన్‌లే వాడతాయి. పీసీఐఈ 3.0 ఉన్న పాత బోర్డులో వాటికి డేటా మార్గం సగానికి తగ్గుతుంది.

తక్కువ ఖర్చుతో మార్గం లేదా?

ఉంది. ఒకే ర్యామ్ స్టిక్‌తో నడుస్తున్న కంప్యూటర్‌కు అదే రకం రెండో స్టిక్ జోడిస్తే డ్యూయల్ ఛానల్ పనిచేసి, ప్రాసెసర్‌కు డేటా త్వరగా అందుతుంది. గేమ్‌లో జనసమూహాల సాంద్రతను, కనిపించే దూరాన్ని తగ్గిస్తే ప్రాసెసర్‌కు ఊరట. టెక్స్‌చర్ల నాణ్యతను తగ్గించడం వల్ల ప్రాసెసర్‌కు ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు.

కొత్త కంప్యూటర్ ఎప్పుడు మేలు?

బోర్డు స్వీకరించే అత్యుత్తమ ప్రాసెసర్ కూడా చాలనప్పుడు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఇంటెల్‌లో విండోస్ 11 అధికారిక మద్దతు, కొద్ది మినహాయింపులతో, 8వ తరం నుంచే మొదలవుతుంది. అంతకంటే పాత యంత్రంపై ఖరీదైన కార్డు పెట్టేముందు ఈ విషయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాత ర్యామ్‌ను వాడుకోవచ్చని అనుకునేవారు ఒకటి గమనించాలి: ఏఎమ్‌డీ కొత్త ఏఎమ్5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్‌నే స్వీకరిస్తాయి.