పన్నెండు శాతం సుంకం ఎవరిని వంచుతుంది?

2020 ఆగస్టు 12 నుంచి కంబోడియాలో తయారైన ట్రావెల్ బ్యాగులు యూరప్‌లో సుంకం కడుతున్నాయి. కొన్ని రకాల దుస్తులు, చెప్పులు, పంచదార కూడా అదే వరసలో చేరాయి. అంతకుముందు వీటన్నిటికీ సుంకం సున్నా. బాగా వెనుకబడిన దేశాల సరుకును, ఆయుధాలు, మందుగుండు తప్పించి, సుంకం లేకుండా రానిచ్చే పథకాన్ని యూరోపియన్ యూనియన్ 2001లో తెచ్చింది. దానికో షరతుంది. మానవ హక్కులను తీవ్రంగా, పదేపదే తొక్కేస్తే రాయితీని వెనక్కి తీసుకోవచ్చు.

కంబోడియా చేసింది చిన్న తప్పేమీ కాదు. 2013 ఎన్నికల్లో 123 సీట్లకు 55 గెలిచిన ప్రతిపక్షాన్ని 2017 నవంబరులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. 118 మంది నాయకులు ఐదేళ్లపాటు రాజకీయాల్లో ఉండకూడదంది. ఆ పార్టీ అధ్యక్షుడు కెమ్ సోఖా అప్పటికే రాజద్రోహం కేసులో జైల్లో ఉన్నారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ప్రధాని హున్ సేన్ పార్టీకి 125కి 125 సీట్లూ వచ్చాయి.

అప్పుడు యూరప్ లెక్కలు తీసింది. 2018లో కంబోడియా నుంచి అక్కడికి వెళ్లిన సరుకు విలువ సుమారు 540 కోట్ల యూరోలు. అందులో 95 శాతానికి పైగా ఈ పథకం కిందే వెళ్లింది. నాలుగింట మూడొంతులు బట్టలే. బట్టలపై మామూలు సుంకం 12 శాతం. అంటే ఐదు యూరోల చొక్కా మీద 60 సెంట్లు. నూలుకూ కుట్టుకూలీకీ పోగా మిగిలే లాభంతో పోలిస్తే ఇది పెద్ద మొత్తమే.

కానీ యూరప్ మొత్తం రాయితీని తీసేయలేదు. ఎగుమతుల్లో ఐదో వంతుకే, ఏటా దాదాపు 100 కోట్ల యూరోల సరుకుకే కోత పెట్టింది. అన్నిటికీ 12 శాతమే అనుకుని ఒక ముతక లెక్క వేస్తే, ఏడాదికి 12 కోట్ల యూరోలు. 540 కోట్ల వ్యాపారంలో అది రెండు శాతం పైచిలుకు. ఒక పార్టీ తన సర్వాధికారాన్ని వదులుకోవడానికి ఆ రెండు శాతం చాలుతుందా?

ఇంతకంటే గట్టిగా కొట్టకపోవడానికీ కారణముంది. సుంకం కట్టేది కంబోడియా ప్రభుత్వం కాదు, యూరప్‌లోని దిగుమతిదారు. అతను ఆ భారాన్ని ఫ్యాక్టరీ మీదికి నెడతాడు, ఫ్యాక్టరీ కార్మికుల మీదికి నెడుతుంది. అక్కడి దుస్తుల రంగంలో ఏడు లక్షల మందికి పైగా పనిచేస్తున్నారు, అత్యధికులు మహిళలు. 2020లో వారి కనీస వేతనం నెలకు 190 డాలర్లు. సోఖాను జైల్లో పెట్టింది వాళ్లు కాదు కదా.

నిజానికి కోత కంటే కోత భయమే కొంత పనిచేసినట్టు కనిపిస్తుంది. 2019 నవంబరు 12న యూరప్ తన ప్రాథమిక నివేదికను కంబోడియాకు అందించింది. సరిగ్గా రెండు రోజుల ముందు సోఖా గృహనిర్బంధం సడలింది. సుంకం మొదలయ్యాక అలాంటి కదలిక ఏదీ లేదు. 2020 అక్టోబరులో కంబోడియా చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై సంతకం చేసింది. 2023 మార్చిలో సోఖాకు 27 ఏళ్ల శిక్ష పడింది. ఆ జూలై ఎన్నికల్లో పాలక పార్టీకి 120 సీట్లు వచ్చాయి, ఆగస్టులో హున్ సేన్ కొడుకు హున్ మానెట్ ప్రధాని అయ్యారు. ఇక ఉద్యోగాలు పోయిన లెక్కల్లో ఎంత సుంకం వల్ల, ఎంత కోవిడ్ వల్ల అన్నది విడదీయడం కష్టం. రెండూ ఒకే ఏడాది వచ్చిపడ్డాయి.

శ్రీలంకది ఇంకో దారి. అచ్యుతాపురంలో వేలాది మంది తెలుగు మహిళలకు పని ఇచ్చిన బ్రాండిక్స్ శ్రీలంక సంస్థే. ఆ దేశానికి దుస్తుల పరిశ్రమ ఎంత ముఖ్యమో చెప్పడానికి అదొక్కటి చాలు. అంతర్యుద్ధ కాలపు అకృత్యాలపై విచారణ జరిపాక, 2010 ఆగస్టు 15న అంతర్జాతీయ ఒడంబడికలను పాటించే దేశాలకిచ్చే ప్రత్యేక రాయితీని యూరప్ నిలిపేసింది. అప్పటి అధ్యక్షుడు రాజపక్స సర్కారు షరతులకు ఒప్పుకోలేదు. 2015లో ఓటర్లు ఆయన్ని దించారు. రాయితీ 2017 మే 19న తిరిగొచ్చింది. మధ్యలో దాదాపు ఏడేళ్లు. ఈ మార్పు ఘనతను సుంకానికి ఇవ్వడం అతిశయోక్తే అవుతుంది. 1979 నాటి ఉగ్రవాద నిరోధక చట్టాన్ని రద్దు చేస్తామన్న హామీ మాత్రం అప్పుడు కూడా నెరవేరలేదు.

బంగ్లాదేశ్ విషయంలో అమెరికా చేసింది మరీ విచిత్రం. 1,100 మందికి పైగా కార్మికుల్ని బలిగొన్న రాణా ప్లాజా దుస్తుల ఫ్యాక్టరీల భవనం కూలాక, 2013 జూన్‌లో సుంకం రాయితీల నిలిపివేతను ప్రకటించింది. అయితే ఆ రాయితీల జాబితాలో అసలు దుస్తులే లేవు! అప్పట్లో బంగ్లాదేశ్ నుంచి అమెరికా కొనే సరుకులో ఒక శాతం కూడా దాని కిందికి వచ్చేది కాదు. పత్రికల్లో శీర్షికలకు తప్ప మరి దేనికీ అది పెద్దగా తగల్లేదు.

కంబోడియా 2029 డిసెంబరులో వెనుకబడిన దేశాల జాబితా నుంచి బయటికి రావాలి. ఆ తర్వాత మూడేళ్లు గడువు ఉంటుంది, ఆపై సున్నా సుంకం దానంతట అదే పోతుంది. అప్పుడు శ్రీలంక తరహా ప్రత్యేక రాయితీ కావాలంటే కంబోడియానే దరఖాస్తు పెట్టుకోవాలి, అంతర్జాతీయ ఒడంబడికలను పాటిస్తామని రాసివ్వాలి. వాటిలో రాజకీయ హక్కుల ఒడంబడిక కూడా ఉంది.